వీరాపెన్ చెక్క బట్టీలో దిగిన వైనం

"కారుతున్న పలక ఏదో వాసన పట్టి చెప్పాను. నేను చేసింది అంతే. అందులో గొప్పేముంది," అన్నాడు వీరాపెన్.

గొప్పేముంది అనే మాట వీరాపెన్ నోట వచ్చిందంటే ఇక పనులు పక్కన పెట్టుకోవాలని ఆ రమ్ము కొట్టుకి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. పీపాలు కట్టే కాంప్టన్ తన డొమినో బిళ్ళలు బోర్లించేసి, భారీ శరీరాన్ని బెంచీ మీద ఇటు తిప్పాడు. బల్ల వెనక చేపలు వేయిస్తున్న రుక్మిన్ మంట తగ్గించింది. ఆమె తమ్ముడు ఖేమ్‌రాజ్ మాత్రం చేతి గడియారం చూసుకున్నాడు.

ఖేమ్‌రాజ్ పొద్దున్నే రాజధాని జార్జ్‌టౌన్ నుంచి కారేసుకుని వచ్చాడు, అక్కని తీసుకుపోవడానికి. రుక్మిన్ భర్త డయాల్ పోయి నాలుగేళ్ళయింది. పిల్లలు లేరు. కొట్టుకి తాళం వేసి తన ఇంటికి వచ్చేయమని అతను చాన్నాళ్ళుగా అంటున్నాడు. ఈసారి ఖాళీ పెట్టెలు కూడా తెచ్చాడు. ఓడల కోసం వంతెన తెరిచేలోగా నది దాటాలి కాబట్టి, ఆలోగా ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు.

అతనికి తెలియని సంగతి ఒకటుంది. పోయిన ఆదివారం కాంప్టన్ చర్చి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, "చెల్లెమ్మా, వీరా నన్ను పంపాడు. నువ్వు సరేనంటే నిన్ను చేసుకుంటాడట. వాడే వచ్చి అడిగేవాడు గానీ నోరు రావడం లేదట," అని చెప్పి వెళ్ళాడు. వీరాపెన్‌కి నోరు రావడం లేదన్న మాట తలుచుకుని ఆమె అన్నం తింటూ కూడా నవ్వుకుంది. జవాబు మాత్రం పంపలేదు.

రుక్మిన్‌కి అరవై దాటాయి. పెళ్ళంటే ఆమెకు సిగ్గు లేదు, భయం ఉంది. డయాల్ రోజుకి నాలుగు మాటలు మాట్లాడేవాడు, ఆ నాలుగూ నమ్మదగినవి. ఈ మనిషి నోటికి అడ్డూ ఆపూ లేదు. ఆ మాటల కింద ఎక్కడైనా ఓ మనిషి ఉన్నాడా, లేక అడుగుదాకా మాటలేనా, అదే ఆమెకు తేలడం లేదు. ఇన్నేళ్ళూ 'వదినా' అని పిలిచినవాడు ఆ ఆదివారం నుంచి ఏమని పిలవాలో తెలియక 'ఇదిగో' అంటున్నాడు.

"ఏ పలక రా?" అన్నాడు కాంప్టన్. ఎప్పుడో విన్న కథే. అయినా అడగడం తన వంతు.

"ఏ పలకేమిటి, చెక్క బట్టీ పలక. ఈ తమ్ముడికి తెలియదు గనక చెబుతున్నా. తమ్ముడూ, బట్టీ అంటే నువ్వు రాగి బిందె అనుకునేవు. మాది ఇంటెత్తు చెక్క తొట్టి. గ్రీన్‌హార్ట్ మాను పలకలు పక్కపక్కన నిలబెట్టి, చుట్టూ ఇనప పట్టీలు బిగించి, నెత్తిన రాగి మెడ పెట్టి, అడుగున ఆవిరి వదులుతారు. మేకు లేదు, జిగురు లేదు. చెరకు మడ్డి ఊట అందులో పోస్తే ముందు ఆ చెక్క తాగుతుంది. తాగింది మర్చిపోదు. నిన్నటిది, మొన్నటిది, మా తాతల్ని కూలీలుగా ఓడ దించకముందు బానిసలు పోసినది, అంతా దాని ఒంట్లోనే ఉంటుంది. ఇవాళ పోసిన ఊట ఆవిరై పైకి పోతుంటే ఆ పాతదాంట్లోంచి పిడికెడు పిడికెడు చేతిలో పెట్టి పంపుతుంది, పుట్టింటి నుంచి వెళ్ళేదానికి పెట్టినట్టు. అందుకే మా రమ్ములో మాడిన బెల్లం ఉంటుంది, మగ్గిన అరటిపండు ఉంటుంది, వానలో తడిసిన గుర్రపు జీను ఉంటుంది."

"స్టీలైతే శుభ్రంగా ఉంటుంది కదా," అన్నాడు ఖేమ్‌రాజ్.

"శుభ్రంగానే ఉంటుంది. ఆస్పత్రి కూడా శుభ్రంగా ఉంటుంది. విందు భోజనానికి ఎవడైనా అక్కడికి పోతాడా?"

కాంప్టన్ బెంచీ మీద చరిచాడు. రుక్మిన్ చేప తిరగేసింది. ఇంతవరకూ అబద్ధం లేదని ఆమెకు తెలుసు. ఆ రమ్ము సముద్రాలు దాటిపోతుంది, సీసాల మీద బంగారు అక్షరాలతో ఎవరెవరో దొరల పేర్లుంటాయి. ఆ తొట్టికి పలక బిగించినవాడి పేరు ఏ సీసా మీదా ఎవరూ వేయలేదు, వేయరు. కాబట్టి వీరాపెన్ గొప్పలు చెప్పుకోవడంలో ఆమెకు తప్పు కనిపించేది కాదు. ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"సరే, పలక పాడైంది. కొత్తది కావాలి. అడివికి పోయాం. గ్రీన్‌హార్ట్ సంగతి తెలుసుగా, నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది. తేలే దుంగలకి కట్టి దింపుతారు అందరూ. నాకంత తీరికేది? బట్టీ అక్కడ నోరు తెరుచుకుని ఉంది. దుంగని భుజానేసుకుని నది అడుగున నడిచొచ్చాను."

"అడుగునా?" అన్నాడు కాంప్టన్.

"పైన నడవడానికి నేనేమన్నా ఏసుప్రభువునా?"

"మరి ఊపిరి?"

"రెండు చేతులూ దుంగ మీద ఉంటే ఊపిరెలా పీలుస్తాను? దారిలో ఓ ముసలి మొసలి అడ్డం పడుకుని ఉంది. ఎస్టేటు పని మీద పోతున్నా, లే అన్నాను. లేచింది. పద్ధతైన మొసలి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పు చెప్పు."

"పలక చెక్కి బిగించాం. ఊట పోశాం, ఆవిరి వదిలాం. రమ్ము దిగింది. నోట్లో వేసుకుంటే ఏముంది, బడిలో కొత్త బల్ల నాకినట్టుంది. ఎందుకంటావు? కొత్త పలక కదా, కొత్త కోడలు లాంటిది. పాత పలకలన్నీ అత్తగార్లు. దాంతో ఒక్కటీ పలకదు. ఇది మూల నిలబడి ఏడుపు మొహం పెట్టుకుంది. ఆ ఏడుపంతా రమ్ములోకి దిగుతోంది. మేనేజరు జుట్టు పీక్కున్నాడు. నేనన్నాను, అయ్యా, వాటి మధ్య కాపురం కుదర్చాలి, నేను దిగుతాను అని. దిగాను."

రుక్మిన్ చేతిలో గరిటె ఆగింది.

ఆ బట్టీలో దిగింది డయాల్. చెరకు ఎస్టేటు వడ్రంగి అతను. లోపలి నుంచి పలక సరిచూసి బిగించాల్సి వచ్చినప్పుడల్లా అతనే దిగాడు. పోయినవాడి పనిని వీరాపెన్ ఇవాళ ఆమె కళ్ళెదుటే తన ఒంటి మీద తొడుక్కున్నాడు. వేరే రోజైతే ఆమె గరిటె తిరగేసి చూపించేది. ఇవాళ ఊరుకుంది. ఈ మనిషి ఎంతదాకా పోతాడో పోనీ, చివర ఏం మిగులుతుందో చూద్దాం అనుకుంది. తమ్ముడు తెచ్చిన ఖాళీ పెట్టెలు గుమ్మం పక్కనే ఉన్నాయి.

"లోపల చీకటి. పలక పలకకీ చెవి ఆనించి విన్నాను. ఒకటి దగ్గుతోంది, ఒకటి నామీద చాడీలు చెబుతోంది. అందరినీ కూర్చోబెట్టాను. అమ్మా, పిల్ల అడివి నుంచి వచ్చింది, మీరూ ఒకప్పుడు అడివి నుంచి వచ్చినవాళ్ళేగా అన్నాను. పెళ్ళి పాటలు పాడాను. పంట కాలం మొత్తం లోపలే ఉన్నాను. బయటికొచ్చేసరికి నా ఒళ్ళంతా రమ్ము నానిపోయింది. దోమ కుడితే అక్కడికక్కడే పడి గురక పెట్టేది. నా చొక్కా తీగ మీద ఆరేస్తే ఈ కాంప్టన్‌గాడి మేక నాకింది. నాకి, తిన్నగా చర్చికి పోయి, పాడేవాళ్ళ వరసలో నిలబడింది."

"మేక పాడిన మాట నిజమే," అన్నాడు కాంప్టన్ గంభీరంగా. "శ్రుతి మాత్రం లేదు."

"ఆ ఏడాది మీవాళ్ళెవరికీ లేదు, దాన్ని ఒక్కదాన్నీ అనకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొత్త మేనేజరు దిగాడు, సముద్రం అవతలి నుంచి. ఈ తమ్ముడిలాగే, శుభ్రం పిచ్చి. తళతళలాడే కొత్త బట్టీ తెచ్చి పెట్టాడు. అందులోంచి దిగిన రమ్ము ఎంత తేలికంటే, పీపాకెత్తిన గంటకి పీపాలు నేల వదిలేశాయి. గోదాము కప్పుకి అతుక్కుని వేలాడుతున్నాయి. ఓ పీపాని కావలించుకుని పడుకున్న వాచ్‌మన్ తెల్లారేసరికి టౌన్‌లో మార్కెట్ గడియారం మీద ఉన్నాడు. మేనేజరు తానే ఓ గ్లాసు తాగాడు. ఈస్టర్‌కి ఎగరేసే గాలిపటంలా లేచాడు. కాలికి తాడేసి గేటుకి కట్టాను. అటూ ఇటూ ఊగుతూ, వీరాపెన్, నన్ను దించవయ్యా అంటున్నాడు. జీతాలు పెంచితే దించుతానన్నాను."

"పెంచాడా?" అన్నాడు ఖేమ్‌రాజ్. అడగకూడదనుకున్నాడు గానీ నోరు జారింది.

"అక్కడే ఊగుతానన్నాడు."

కాంప్టన్ నవ్వుకి కప్పు రేకులు కదిలాయి. సమ్మెల్లో కలిసి తిరిగినవాళ్ళు అతనూ వీరాపెనూ. ఏడాది పొడుగునా పస్తులున్నా పైసా పెరగని రోజులు చూసినవాళ్ళు. ఆ నవ్వులో అదీ ఉంది. ఖేమ్‌రాజ్ కూడా నవ్వాడు, వెంటనే గడియారం చూసుకున్నాడు.

"చివరికి చెక్క బట్టీలో కాచిన రమ్ము చుక్క నాలిక మీద వేస్తే దిగాడు. అది బరువు కదా. ఎంత బరువంటావా? మీ టౌను సముద్రం కన్నా కిందికి ఎందుకుందనుకున్నావు తమ్ముడూ? ఆనకట్టలూ గోడలూ కట్టుకుని బతుకుతున్నారెందుకు? ఒకప్పుడు కొండంత ఎత్తున ఉండేదా ఊరు. మా పీపాలు దించారు, కుంగింది. ఇంకో వంద దించారు, ఇంకా కుంగింది. ఇక చాలని మేమే జాలిపడి ఆపాం."

"అక్కా, నేనుండేది ఆ ఊళ్ళోనే," అన్నాడు ఖేమ్‌రాజ్. "నువ్వు రావలసిందీ అక్కడికే."

ఆ మాటకి వీరాపెన్ ముఖంలో ఏదో సడలింది. గుమ్మం పక్కన పెట్టెల వైపు చూశాడు. అప్పటిదాకా చూడలేదు కాబోలు. గ్లాసు ఎత్తబోయి దించేశాడు. గొంతు పెంచాడు.

"ఇవన్నీ సరే. నేను పని మానేసిన రోజున ఏమైందో తెలుసా? బట్టీ ఏడ్చింది. పలక పలక నుంచీ ధార. మర్నాడు పొద్దున తలుపు తీస్తే మా గేటు ముందు నిలబడి ఉంది. అంత తొట్టీ నడిచొచ్చేసింది, కాలవ మీద చెక్క వంతెన విరగ్గొట్టుకుని. నువ్వు లేకపోతే నేను ఆవిరి వదలను పో అంది. నచ్చజెప్పి పంపాను. మళ్ళీ వచ్చింది. రోజూ వస్తుంది. పోయిన ఆదివారం కూడా వచ్చింది. కిటికీలోంచి తొంగి చూసి, వీరా, ఇంట్లో ఎవరూ లేరేంటి అంది. ఎవరూ లేరన్నాను. నీ పొయ్యి చల్లగా ఉందేంటి అంది. ఒక్కడికే ఏం వెలిగిస్తానన్నాను. ఒరేయ్, నాకే ఒక పలక లేకపోతే మిగతావన్నీ వదులైపోతాయి, నువ్వెలా నిలబడ్డావు రా అంది. దానికి నేను..."

అక్కడ ఆగిపోయాడు. రుక్మిన్ వైపు చూశాడు. "ఇదిగో..." అన్నాడు. ఇంకేం రాలేదు.

ఖేమ్‌రాజ్ ఈ ముఖం నుంచి ఆ ముఖానికి చూశాడు. అతను మరీ తెలివితక్కువవాడేం కాదు.

"అక్కా," అన్నాడు నెమ్మదిగా. "ఇదా సంగతి? ఇందుకా పొద్దుట్నుంచి నాకు జవాబు చెప్పవు? పెద్దాయన్ని నేనేమీ అనను. సరదా మనిషి. కానీ ఇందాకట్నుంచి చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజముందా? బావ ఎలాంటివాడు, ఈయన ఎలాంటివాడు? రేపు నీకు జ్వరం వస్తే మొసలి కథ చెబుతాడా?"

వీరాపెన్ తల దించుకున్నాడు. కాంప్టన్ ఏదో అనబోయాడు గానీ రుక్మిన్ పొయ్యి ఆర్పేసి, చేతులు తుడుచుకుని, బల్ల వెనక నుంచి ముందుకొచ్చింది.

"నువ్వు ఆ బట్టీలో ఏనాడూ దిగలేదు," అంది వీరాపెన్‌తో. "ఒక్కనాడు కూడా. దిగింది మా ఆయన. నీకు ఇరుకంటే భయం. లిఫ్టు ఎక్కవు. పొలిమేర దాకా పోవడానికి కూడా బస్సులో తలుపు పక్కనే కూర్చుంటావు."

వీరాపెన్ ముసలి చెవులు ఎర్రబడ్డాయి.

"తమ్ముడూ, నువ్వూ విను. ఆ తొట్టిని ఖాళీ చేసి, కడిగి, మూతి తెరిచి వదిలేసినా అందులో గాలి మంచిది కాదు. రాగి పాత్రైతే కడిగితే పోతుంది. చెక్క తాగిందంతా వెనక్కి వదులుతూనే ఉంటుంది. రమ్ముకి రుచి ఎక్కడ్నుంచి వస్తుందో మనిషికి చావూ అక్కడ్నుంచే. లోపల కూర్చుంటే హాయిగా ఉంటుందట. నిద్రొస్తుందట. ఆ నిద్రలోనే పోయారు ముందు తరాల వాళ్ళు, పలకకి ఆనుకుని, పెదాల మీద నవ్వుతో. ఎస్టేటు ఏమిచ్చింది? నడుముకి కట్టుకోవడానికి ఓ తాడు. అంతకంటే ఏమిస్తారు వాళ్ళు? కాబట్టి పనివాళ్ళే ఓ పద్ధతి పెట్టుకున్నారు. ఒకడు లోపల, ఒకడు మూతి దగ్గర. మూతి దగ్గరవాడు మాట్లాడుతూనే ఉండాలి. లోపలివాడు పలక మీద కొడుతూనే ఉండాలి, వింటున్నానని. కొట్టడం ఆగిందా, తాడు లాగేయాలి.

"మూతి దగ్గర వేరేవాళ్ళు కూర్చుంటే మా ఆయనకి కునుకు పట్టేదట. వాళ్ళు ఏం చెబుతారు, వాన పడింది, ఎండ కాసింది. ఓసారి నిజంగానే పడిపోతే లాగారు. ఇంటికి మోసుకొచ్చారు. ఆ తర్వాత ఇంకెవరు కూర్చున్నా దిగనన్నాడు. వీరా అయితేనే దిగుతానన్నాడు. ఎందుకయ్యా, వాడు నోరు తెరిస్తే అబద్ధం కదా అన్నాను. ఏమన్నాడో తెలుసా? 'అందుకే. ఆ తర్వాత ఏమైందో తెలుసా అంటాడు. తెలుసుకోకుండా నేను ఎలా నిద్రపోతాను?' అన్నాడు."

ఖేమ్‌రాజ్ వీరాపెన్ వైపు తిరిగాడు.

"అలా ఎన్నేళ్ళు మాట్లాడాడో నేను లెక్క పెట్టలేదు. ఒక్కోసారి పొద్దున దిగితే మధ్యాహ్నం దాటేది. ఈయన నీళ్ళు కూడా తాగేవాడు కాదట, తాగితే మాట ఆగుతుందని. మా ఆయన స్నానం చేసినా ఆ వాసన పోయేది కాదు. అన్నం తింటూ తనలో తాను నవ్వుకునేవాడు. ఏంటంటే చెప్పేవాడు కాదు. రోజుకి నాలుగు మాటల మనిషి ఇంటికి నవ్వు మోసుకొచ్చేవాడు. మా ఆయన తన మంచం మీద, తన టైముకి పోయాడు తమ్ముడూ. ఆ తొట్టిలో పోలేదు."

వీరాపెన్ గ్లాసు పక్కకి జరిపాడు. "మూతి దగ్గర కూర్చుని వాగినవాడి కథ ఎవరు వింటారు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "తాడు పట్టుకున్నాను, అంతేగా. అది చెప్పుకుంటే నవ్వుతారు."

"నవ్వితే నవ్వుతారు. ఇకమీదట కథ చెబితే దిగింది డయాల్ అనే చెప్పాలి. ఒట్టు. ఎగిరిన పీపాలూ మొసలీ అన్నీ నువ్వే ఉంచుకో, నాకొద్దు."

"మేకని కూడా వాడికే వదిలేస్తాను," అన్నాడు కాంప్టన్, కళ్ళు తుడుచుకుంటూ.

ఖేమ్‌రాజ్ అక్కని తేరిపార చూశాడు. అక్క చేతులకి నూనె మరకలున్నాయి, నుదుటి మీద చెమట ఉంది. తన ఇంట్లో ఆమె కోసం సిద్ధం చేసిన గది గుర్తొచ్చి ఉంటుంది, కొత్త కర్టెన్లూ, ఫ్యానూ, పగలంతా ఎవరూ ఉండని ఇల్లూ.

"జనం ఏమైనా అంటారక్కా," అన్నాడు చివరికి.

"ఈ కొట్టులో కూర్చుని అనాల్సిందేగా. తాగిన తర్వాతే అంటారు." తమ్ముడి భుజం మీద చెయ్యి వేసింది. "చేపలు కట్టిస్తాను, పిల్లలకి పట్టుకెళ్ళు. పెట్టెలు కూడా. వంతెన తెరిచేస్తారు, ఇక బయల్దేరు."

అంతకన్నా తేటగా ఆమె ఏమీ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. ఖేమ్‌రాజ్ లేచి, పెట్టెలు రెండు చేతులా పట్టుకుని, గుమ్మం దగ్గర ఆగి, వీరాపెన్‌తో, "మీరు టౌన్‌కి రండి ఒకసారి. ఊరు ఇంకా ఎంత కుంగిందో చూద్దురు గాని," అన్నాడు. కారు చప్పుడు రోడ్డు మలుపు దాటేదాకా వినిపించింది.

వీరాపెన్ కూర్చున్నచోటే ఉన్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. అందులోంచి ఏమీ రావడం లేదు.

"మాట్లాడరా," అన్నాడు కాంప్టన్ మోచేత్తో పొడుస్తూ. "బతికున్నన్నాళ్ళూ నోరు మూయమని బతిమాలాను, ఇప్పుడు మూస్తావా? ఏదో ఒకటి అను."

వీరాపెన్ ఆమె వైపు చూశాడు. ఏమని పిలవాలో ఇంకా తెలియలేదు. పెదాలు కదిలాయి.

రుక్మిన్ బల్ల వెనక్కి వెళ్ళింది. పొయ్యి మళ్ళీ వెలిగించి, నూనెలో ఇంకో చేప వేసింది. తర్వాత వెనక్కి తిరక్కుండానే, ఎడమచేతి వేళ్ళ మెటికలతో, బల్ల చెక్క మీద మెల్లగా కొట్టింది.

వీరాపెన్ గొంతు సవరించుకున్నాడు.